క్యాచ్‌కు జుర్మానా

మా ఊరి బస్టాపు దగ్గర ఆయన ఫ్లెక్సీ కట్టారు. అప్పుడే ఒక మూల తాడు తెగి గాలికి కొట్టుకుంటోంది. పాత పేపరు ఫొటోను సాగదీసి అచ్చు వేయించినట్టున్నారు. ఆయన గడ్డి మీద బోర్లా పడి, కుడిచేయి పైకెత్తి బంతిని చూపిస్తున్నాడు. ఆ సాగదీయడంలో మనిషి పొట్టిబడ్డాడు, బంతి కర్బూజా కాయంత అయింది. కింద పెద్ద అక్షరాలతో ‘భారత క్రికెట్ ముద్దుబిడ్డకు అశ్రునివాళి’ అని ఉంది. దాని కింద నివాళి అర్పిస్తున్నవాళ్ల ఫొటోలు వరసగా. అందులో నాదీ ఒకటి. చారల చొక్కా, పళ్లన్నీ కనబడే నవ్వు. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటో. ఆ నవ్వు మొహాన్ని చూడలేక ఇప్పుడు నేను బస్టాపు వెనక సందులోంచి తిరిగి పోతున్నాను.

ఊరంతా ఆయనను ప్లేయర్ కాక అనేది. నేనూ అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

పెర్కిట్‌లో హైవే పక్కన నాకు మోటారు వైండింగు దుకాణం ఉంది. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతుకు అది బాగయ్యేదాకా వేరే పని ఉండదు. బెంచీ మీద కూర్చుంటాడు. కూర్చున్నవాడికి నేను కథ చెబుతాను. కథ బాగుంటే మోటారు ఆలస్యమైనా తిట్టడు. ఇందల్వాయి అడవిలో పులి పక్కకు జరిగి నా స్కూటరుకు దారి ఇచ్చిన కథ, మాక్లూర్‌లో బోరు వేస్తే నీళ్లకు బదులు మజ్జిగ పడిన కథ, ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ అన్నిటికన్నా ఎక్కువ అడిగి చెప్పించుకున్నది మాత్రం ప్లేయర్ కాక క్యాచ్.

అసలు సంగతి చిన్నది. రేడియో కామెంటరీల కాలంలో కాక రాష్ట్ర జట్టుకు ఆడాడు. ఒకసారి హైదరాబాదులో టెస్టు మ్యాచ్ జరుగుతుంటే మన జట్టులో ఒకాయనకు కాలు బెణికింది. ఆయన బదులు ఫీల్డింగుకు కాకను పంపారు. అప్పుడే ఆ క్యాచ్ పట్టాడు. దేశం తరఫున ఆయన ఆడిందంతా అంతే. బదులు వచ్చినవాడు పట్టిన క్యాచ్‌కు స్కోరులో పేరు కూడా రాయరట. మర్నాడు పేపర్లో ఫొటో మాత్రం వచ్చింది.

అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా అంతా నా కళ్లముందే జరిగినట్టు చెప్పేవాణ్ణి. నా కథలో కాక గాల్లోకి లేచి బొంగరంలా తిరిగేవాడు. విదేశీ కెప్టెన్ టోపీ తీసి సలాం కొట్టేవాడు. బెంచీ మీద జనం ఎక్కువగా ఉంటే బంతి వేడికి కాక అరచేతిలోంచి పొగ కూడా వచ్చేది. మక్కల సీజన్‌లో బెంచీ పలచగా ఉంటుంది కాబట్టి పొగ రాదు. పసుపు సీజన్‌లో తప్పకుండా వచ్చేది.

కాక ఏనాడూ నన్ను ఆపలేదు. క్యాచ్ మాట ఎవరు ఎత్తినా “అయిపోయింది తియ్యి” అని అరచేయి ప్యాంటుకు రుద్దుకునేవాడు. ఎప్పుడూ కుడి అరచేయే. అందుకే ఆయన ప్యాంట్లన్నీ కుడి తొడ దగ్గర వెలిసిపోయి ఉండేవి. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆయనకు ఏది విసిరినా పట్టేవాడు కాదు. చాయ్ హోటలతను సరదాకు బిస్కెట్ ప్యాకెట్టు విసిరి “కాకా, పట్టు!” అనేవాడు. కాక రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. ప్యాకెట్టు కింద పడేది. అప్పుడు వంగి, తీసి, దుమ్ము దులిపి, బిస్కెట్ తినేవాడు. అందరూ నా వైపు చూసేవారు. “ఆ చేతులు దేశానికి రాసిచ్చినయి. ఇంటి పనులకు వాడడు” అని నేను వివరణ ఇచ్చేవాణ్ణి. నవ్వులు. కాక కూడా కొంచెం నవ్వేవాడు.

ఆట మానేశాక ఆయన ఆర్మూరు మార్కెట్ యార్డులో, కమీషన్ మీద పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి పసుపు నాణ్యత చూసిపెట్టేవాడు. మిగతావాళ్లు కుప్ప మీది కొమ్మునే విరిచి లోపలి రంగు చూస్తారు. ఈయన మోచేతి దాకా చేయి దూర్చి అడుగున ఉన్న కొమ్ము తీసేవాడు. “ఏం కాకా, మా మీద నమ్మకం లేదా?” అని రైతులు అలిగేవారు. “నీ మీద ఉన్నది బిడ్డా, కుప్ప మీద లేదు” అనేవాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, చాలాకాలం దాన్ని నా మాటగా చెప్పుకుని తిరిగాను.

మా ఊళ్లో క్రికెట్‌కు వేరే మైదానం లేదు. పసుపు ఉడకబెట్టి ఎండబోసే కళ్లమే మైదానం. పంట అమ్ముడుపోయాక కళ్లం ఖాళీ అవుతుంది కానీ రంగు పోదు. నేలంతా పసుపు పొడి. మధ్యలో పట్టా పరిచి పిచ్ తయారుచేస్తారు. పొడి అంటితే బంతి చేతిలో జారుతుంది కాబట్టి బౌలరు ప్రతిసారీ తువ్వాలుతో తుడిచి వేయాలి. మాది ఎర్రటి కార్కు బంతి. ఇందులోంచి మాకొక రూలు పుట్టింది. క్యాచ్ పట్టాక బంతి మీద కొత్తగా పసుపు మరక కనబడితే అది నేల తాకినట్టు లెక్క. నాటౌట్. ప్రపంచంలో ఇంకెక్కడా ఇలాంటి రూలు లేదని నేను మైకులో చాటేవాణ్ణి. నేను చాటినవాటిలో అదొక్కటీ నిజమే అయి ఉండొచ్చు.

అంపైరు ఎప్పుడూ కాకే. ఎంత ఎత్తుకు లేచిన బంతిని ఎంత చక్కగా పట్టినా ఆయన వేలు ఎత్తడు. ముందు “బంతి తే” అంటాడు.

కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం, పక్క ఊరితో ఆఖరి మ్యాచ్. మా ఊరి ట్రాక్టరు డ్రైవరొకడు ముందుకు దూకి, నేల మీద జారుతూ బంతిని పట్టి పైకెత్తాడు. ఊరంతా కేక పెట్టింది. మైకులో నేనైతే వాణ్ణి అప్పటికే హైదరాబాదు చేర్చేశాను.

“ఔట్ కాకా! పక్కా ఔట్!”

“బంతి తే.”

“బంతెందుకు కాకా, నా మాట లేదా?”

“మాట నీ తాన ఉంచుకో. బంతి తే.”

కాక బంతిని తిప్పి చూశాడు. ఒక పక్కన బొటనవేలంత పసుపు. “నాటౌట్” అన్నాడు.

“గది నా చేతి పసుపు కాకా! పొద్దట్నించి గీ దుమ్ముల పడుకుంట లేసుకుంట ఆడుతున్న. చేతికి అంటదా?”

“అరచెయ్యి సూపు.”

చూపించాడు. మోచేతులు, మోకాళ్లు అన్నీ పచ్చగా ఉన్నాయి. అరచేతులు మాత్రం చెమటతో శుభ్రంగా మెరుస్తున్నాయి. అవతలి జట్టు విరగబడి నవ్వింది. డ్రైవరు మొహం కందిపోయింది.

“ఏం కాకా, నువ్వు పట్టింది క్యాచ్, మేం పట్టినయి రాళ్లా? నువ్వు ఇండియాకు ఆడినోనివి. మేం గీ కళ్లంలన్న జర పేరు తెచ్చుకోవద్దా?”

నేను ఊరుకుని ఉండొచ్చు. చేతిలో మైకు ఉంది, ఊరుకోలేదు. “మన అంపైరు సాబ్ ఇండియా చేతులకు తప్ప ఇంకెవ్వరికీ ఔట్ ఇయ్యడు!” అన్నాను. మా జట్టు కూడా నవ్వింది. కాక బంతిని బౌలరుకు అందించి, అరచేయి ప్యాంటుకు రుద్దుకున్నాడు.

ఆట అయిపోయి జనం కదిలాక నేను మైకు వైరు చుట్టుకుంటున్నాను. కాక వచ్చి పక్కన నిలబడ్డాడు.

“గక్కడ గిట్ల పసుపు లేకుండె రా” అన్నాడు.

“ఏడ కాకా?”

“హైదరాబాద్‌ల. ఉత్త గడ్డి ఉండె. గడ్డి బంతికి అంటదు.”

నేను వైరు చుట్టడం ఆపాను.

“బంతి ముందుగాల నేలకు తాకింది. తర్వాత నా చేతులకు వచ్చింది. సూసెటోళ్లకు తెల్వదు, పట్టినోని వేళ్లకు తెలుస్తది. బ్యాట్స్‌మన్ పోలే. నిలవడి నా దిక్కు సూసిండు. గప్పట్ల గట్లనే, పట్టినోని మాటనే మాట. పట్టినవా అని అడిగిండు. నేను తల ఊపిన.”

“గంతేనా?”

“గంతే. బ్యాట్ చంకల పెట్టుకొని పోయిండు. నన్ను నమ్మి పోయిండు.”

“గప్పుడే చెప్పకపోతివి కాకా?”

“చెప్దామనే లేసిన. అందరొచ్చి మీద వడ్డరు. భుజాలెక్కించుకున్నరు. తెల్లారి పేపర్ల ఫొటో వచ్చింది. మా అవ్వ దాన్ని దేవుని పటం పక్కన పెట్టింది. ఇగ ఎవలకు చెప్పాలె?”

ఎదురుగా చూస్తే కళ్లమంతా జారిన గుర్తులు. ఎవడు ఎక్కడ పడ్డాడో, బంతి ఎక్కడెక్కడ తాకిందో అన్నీ నేల మీద కనబడుతున్నాయి.

“మన కళ్లంల ఆడి ఉంటే దొరికిపోతుంటి” అన్నాడు కాక. “మంచిగుండు.”

తర్వాత అసలు మాటకు వచ్చాడు. మా దిక్కు ప్రతి ఊరికీ ఒక గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. గట్టు తగాదా అయినా, బర్రె చేను మేసినా, తాగి ఎవడినైనా తిట్టినా కమిటీ ముందు నిలబడాలి. తప్పు ఒప్పుకుంటే జుర్మానా వేస్తారు. మా ఊళ్లో దానికొక కట్టుబాటు ఉంది. జుర్మానా కట్టాక ఆ ముచ్చట ఊళ్లో ఎవరూ మళ్లీ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాడికి జుర్మానా. కాకకు కావలసింది అదే.

“నాకు జుర్మానా వెయ్యమని కమిటీల అడగాలె” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. “ఊరి చెరువుల చేపలు పట్టినవా కాకా? ఏడనో హైదరాబాద్‌ల పట్టిన క్యాచ్‌కు మన కమిటీ జుర్మానా ఎట్ల వేస్తది?”

“ఏడ పట్టినా మోసేది గీ ఊర్లనే కద. బస్సు దిగితే గదే, చాయ్ తాగపోతే గదే, పెండ్లికి పోతే గదే. జుర్మానా కట్టినంకనన్న ఇడిసిపెడుతరు.”

“మరి నువ్వే చెప్పు.”

“నేను లేస్తే చప్పట్లు కొడుతరు. నువ్వు లేస్తే ఇంటరు. నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పొగ గిగ వద్దు.”

పొగ సంగతి ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

కమిటీ కూర్చున్న రోజు కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు ఎవరిదో బర్రె మక్కచేను మేసిన తగాదా తేలింది. తర్వాత నేను లేచాను. జనం సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన బీడీ ఆర్పేశాడు. “క్యాచ్ ముచ్చటేనా?” అని వెనక నుంచి ఎవరో అడిగారు. అవునన్నాను. “అయితే పొగ దాకా లాగు!” అన్నాడు ఆ మనిషి.

నేను చెప్పాను. నా జన్మలో అంత చిన్న కథ చెప్పలేదు. కాక గాల్లోకి లేవలేదు. ఎవరూ టోపీ తీయలేదు. బంతి నేలను తాకింది, ఆ తర్వాత చేతికి వచ్చింది, బ్యాట్స్‌మన్ అడిగాడు, కాక తల ఊపాడు, ఇప్పుడు జుర్మానా వేయమంటున్నాడు. అంతే చెప్పి నిలబడ్డాను.

అందరూ నా మొహమే చూస్తున్నారు. మిగతా కథ కోసం ఎదురుచూస్తున్నారని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు.

“తర్వాత?” అన్నారు.

“తర్వాత ఏం లేదు. గంతే.”

అప్పుడు మొదలైంది నవ్వు. “అరే, గిది కొత్త మలుపు రా!” “గిన్ని రోజులు లేపిండు, ఇయ్యాల కింద పడేసిండు!” “ఏ, పసుపు మరక ఉన్నదా లేదా చెప్పు!” నేను చేతులు జోడించాను. “నిజం చెప్తున్న, నా పిల్లల మీద ఒట్టు” అన్నాను. నవ్వు రెట్టింపైంది. మజ్జిగ పడిన బోరుకు కూడా నేను పిల్లల మీదే ఒట్టు పెట్టానని ఒకడు గుర్తుచేశాడు. నిజమే. పెట్టాను.

కమిటీ అధ్యక్షుడు పసుపు రైతు, మాట తక్కువ మనిషి. ఆయన నవ్వలేదు. “కాకా, వీడు చెప్పింది నిజమేనా?” అని అడిగాడు.

కాక లేచి నిలబడి “నిజమే” అన్నాడు.

నవ్వు ఆగింది. అయిందనుకున్నాను. వెనక బర్రె ఆసామి అందుకున్నాడు: “సూడుండ్రి, పెద్దమనిషిని గూడ తన నాటకంల కలుపుకున్నడు!” కప్పు ఎగిరిపోయేటంత నవ్వు. ఆ గోలలో అధ్యక్షుడు కాక వైపు వంగి మెల్లగా చెప్పిన మాట, పక్కనే ఉన్నాను కాబట్టి, నాకు వినబడింది.

“కాకా, నాకు సమజైంది. కని గా క్యాచ్ నీ ఒక్కనిది గాదు. మా పోరలు ఏ ఊరికి పోయినా గా క్యాచ్ ఊరోళ్లమని చెప్పుకుంటరు. నువ్వు వాపస్ ఇచ్చేస్తే మాకేం మిగులుతది?”

“నాకు జుర్మానా వెయ్యి” అన్నాడు కాక.

“నీకెట్ల వేస్తం కాకా?”

అధ్యక్షుడు జనం వైపు తిరిగాడు. పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు జుర్మానా నాకు పడింది. అక్కడున్న అందరికీ చాయ్ తాగించాలి. “ఇగ గీ ముచ్చట ఊర్ల మల్ల ఎవ్వరు తియ్యొద్దు” అని ముగించాడు. ఎవరో పరుగెత్తి శాలువా తెచ్చారు. కాకకు కప్పారు. చప్పట్లు కొట్టారు.

క్యాచ్ మూతపడాలని కదా ఆయన వచ్చింది. క్యాచ్ అలాగే ఉంది. నిజం మూతపడింది.

చాయ్ వచ్చింది. నా జుర్మానా చాయ్ అందరూ మెచ్చుకుంటూ తాగారు. నేనూ తాగాను. కాక శాలువాతో కూర్చుని గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు, తాగలేదు. బయటికి వచ్చాక “నా వల్ల నీకు జుర్మానా పడె. ఏమనుకోకు బిడ్డా” అన్నాడు. నేను “ఊకో కాకా” అన్నాను.

తర్వాత ఆయన కళ్లానికి అంపైరుగా రాలేదు. మోకాలు నొప్పి అన్నాడు. నేను మారి ఉంటానని మీరు అనుకోవచ్చు. పసుపు సీజన్ వచ్చింది, బెంచీ నిండింది, ఒకరోజు మాక్లూర్ రైతొకాయన “గా ప్లేయర్ ముచ్చట జర చెప్పరాదు” అన్నాడు. మొదలుపెట్టాను. లేపాను, తిప్పాను. పొగ దగ్గరికి వచ్చేసరికి దుకాణం ముందు ఆటో ఆగింది. లోపల మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కాక కూర్చుని ఉన్నాడు. ఆర్మూరు దవాఖాన నుంచి వస్తున్నాడు. నా చేతులు అప్పటికి గాల్లో ఉన్నాయి, క్యాచ్ పట్టినట్టు.

ఆయన కోపంగా చూసినా బాగుండేది. కానియ్యి అన్నట్టు చేయి ఊపాడు. ఆటో కదిలింది.

“తర్వాత?” అన్నాడు రైతు.

తర్వాత చెప్పాను. పొగతో సహా.

మొన్న పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో కాక పోయాడు. వాకిట్లో పాడె కట్టారు. ఊరంతా వచ్చింది, పక్క ఊళ్ల ఆటగాళ్లూ వచ్చారు. ఆ రోజు కళ్లంలో కాకతో గొడవపడ్డ ట్రాక్టరు డ్రైవరు అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. నిజామాబాద్ పోయి కొత్త బంతి కొనుక్కొచ్చాడు. అసలైన ఎర్ర తోలు బంతి. దాన్ని కాక కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ ముడిచి, ఊడిపోకుండా దారంతో కట్టాడు. ఆ చేయి ఎదురుగా కనబడేటట్టు సర్దాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ బంతి తీయించాలి. చెప్పాలంటే ఒకటే మాట ఉంది, ఆ క్యాచ్ నిజం కాదని. ఆ మాటకు జుర్మానా పడిపోయింది, మళ్లీ ఎత్తకూడదు. పడకపోయినా నా నోటి నుంచి వస్తే ఎవడు నమ్ముతాడు? పాడె ఎత్తడానికి నలుగురూ వంగుతున్నారు.

“ఆగుండ్రి!” అని అరిచాను. “బంతి తియ్యుండ్రి. పిడికిలి మూసుకొని పోవద్దు.”

“ఎందుకు?” అన్నాడు డ్రైవరు.

“పిడికిల్ల ఏదన్న పట్టుకొని పోయినోనికి అవతల దండం పెట్టరాదు. దండం పెట్టకపోతే లోపలికి రానియ్యరు. మా తాత చెప్తుండె.”

మా తాత అలాంటిదేమీ చెప్పలేదు. నోరు తెరిచేదాకా ఆ మాట నాకూ తెలియదు. పక్కనున్న ఒక ముసలాయన మాత్రం “అవునవును, నేను గూడ ఇన్న” అన్నాడు. ఇంకో ఆమె “మా అవ్వగారింటి దిక్కు గూడ అంతే” అంది. ఒక్కరూ నవ్వలేదు. అందరి తలలూ ఒకేసారి ఊగాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కమిటీ అధ్యక్షుడు మాత్రం నన్నే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి పాడె దగ్గరికి వచ్చాడు. దారం ఆయనే విప్పాడు. వేళ్లు బిగుసుకుపోయాయి. బొటనవేలి వైపు నుంచి ఆయన, చిటికెన వేలి వైపు నుంచి నేను, ఒక్కొక్క వేలే విప్పాం. బంతి వచ్చింది. అరచేయి తెరుచుకుంది. అధ్యక్షుడు తన కండువాతో ఆ అరచేతిని ఒకసారి తుడిచాడు.

బంతి డ్రైవరు చేతిలోకి పోయింది. వాడు అయోమయంగా నిలబడ్డాడు.

“మరి గీ బంతి ఏం జెయ్యాలె?” అని నన్ను అడిగాడు.

నేను అధ్యక్షుడి వైపు చూశాను.

“కింద పెట్టు” అన్నాడు అధ్యక్షుడు.

“కిందనా?”

“ఆ. కింద. నేల మీద.”

వాడు వంగి బంతిని నేల మీద పెట్టాడు. బంతి నేలను తాకడం అందరం చూశాం.